నోరు కడిగే చేతికి విలువ కట్టండి

గోదావరిఖనిలో, ఎయిట్ ఇంక్లయిన్ కాలనీలో, సెంటినరీ కాలనీలో, చుట్టుపక్కల ఊళ్ల మాల మాదిగ వాడల్లో ఏ పెద్దమనిషి దినాలకు పోయినా ఒకటే మాట వినపడుతున్నది. "పక్షవాతం వస్తే దవాఖానల చేర్పించినం. కాలు చెయ్యి మెల్లగ మళ్లుతున్నదన్నరు. నాలుగొద్దులకు నిమ్ము చేసింది. పాయె." ఇంకో ఇంట్లో: "తుంటి విరిగితే ఆపరేషన్ జేసిండ్రు. ఆపరేషన్ మంచిగనే అయింది. ఆరోనాడు ఆయాసమొచ్చింది. ఊపిరితిత్తుల్ల నిమ్ము అన్నరు." చివరికి అందరూ కలిసి ఒకే తీర్పు చెప్తున్నారు: వయసైపోయింది, ఏం జేస్తం?

ఈ తీర్పును మేం ఒప్పుకోం. వయసు ఒక కారణమే, కానీ ఒకే కారణం కాదు. ఒక జబ్బుతో లోపలికి పోయిన మనిషి, మంచం మీద పడుకున్నాక వచ్చిన ఇంకో జబ్బుతో ఎందుకు పోతున్నాడు? ఆ రెండో జబ్బును ఆపే పని ఏది? ఆ పని ఎవరిది? ఆ పనికి ఎందుకు ఎవరూ లెక్క కట్టరు? ఈ ప్రశ్నలు అడగకుండా వయసు మీదికి నెట్టేస్తే అందరికీ సుఖమే. పోయినోడు మాత్రం తిరిగి రాడు.

దీనికి డాక్టర్లు పెట్టిన పేరు ఆస్పిరేషన్ న్యుమోనియా. పేరు పెద్దదే గానీ సంగతి చిన్నది. బాయిలో దిగినోళ్లకు ఇంకా తొందరగా అర్థమైతది. బాయిలోకి మంచి గాలి వచ్చే దారి వేరు, చెడిన గాలి బయటికి పోయే దారి వేరు. రెంటి మధ్యన తలుపు ఉంటది. ఆ తలుపు పనిచేయకపోతే ఏమైతదో ప్రతి కార్మికుడికీ తెలుసు. మన గొంతులో కూడా రెండు దారులున్నాయి. ఒకటి కడుపులోకి పోయే అన్నం దారి, ఇంకొకటి ఊపిరితిత్తుల్లోకి పోయే గాలి దారి. మనం మింగిన ప్రతిసారీ గాలి దారి మూసుకుంటది. ఎప్పుడన్నా ఒక మెతుకు అటు జారితే పొలమారుతది, దగ్గుతాం, బయటపడతది. ఆ దగ్గే మన కాపలాదారు.

ముసలితనంలో, జబ్బులో ఆ తలుపు నెమ్మదిస్తది. కాపలాదారు నిద్రపోతాడు. నీళ్లు, టీ, జావ, వాంతి, అన్నింటికంటే ఎక్కువగా నోట్లో ఊరే ఉమ్మి, గాలి దారిలోకి జారతాయి. వాటితోపాటు నోట్లోని క్రిములు పోయి ఊపిరితిత్తుల్లో స్థిరపడతాయి. అదే నిమ్ము. కొందరికి లోపలికి జారినా దగ్గు రాదు. పక్కనున్నోళ్లకు "మంచిగనే తాగిండు" అనిపిస్తది. అది మరీ ప్రమాదం.

ఎవరికి ఈ ప్రమాదం ఎక్కువ? పక్షవాతం వచ్చినోళ్లు ముందు వరుసలో ఉంటారు. వణుకుడు జబ్బు, మతిమరుపు జబ్బు ఉన్నోళ్లు, మగతలో ఉన్నోళ్లు, ఫిట్స్ వచ్చినోళ్లు, వాంతులు చేసుకుంటున్నోళ్లు, ముక్కులోంచి పైపు వేసి తిండి పెడుతున్నోళ్లు, లేవలేక వెల్లకిలా పడుకొని ఉన్నోళ్లు, ఒళ్లు గుంజుకుపోయి దగ్గే బలం కూడా లేనోళ్లు. 1998లో అమెరికాలో సుసాన్ లాంగ్‌మోర్ అనే పరిశోధకురాలి బృందం ముసలి రోగులను పరీక్షించి ముఖ్యమైన మాట చెప్పింది. మింగలేకపోవడం ఒక్కటే ఈ జబ్బు తేదు. తన చేత్తో తాను తినలేక ఇంకొకరు తినిపించాల్సి రావడం, తన నోరు తాను కడుక్కోలేకపోవడం, పుచ్చిన పళ్లు, పైపు తిండి, ఇవన్నీ ప్రమాదాన్ని పెంచేవే అని తేల్చింది. అంటే ఇది గొంతు జబ్బు మాత్రమే కాదు. ఇంకొకరి చేతుల మీద ఆధారపడ్డ మనిషికి ఆ చేతులు అందకపోతే వచ్చే జబ్బు.

మన బెల్టుకు ఇంకో లెక్క ఉంది. సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష దాటిన పర్మనెంటు కార్మికులు ఇయ్యాల సుమారు 40 వేలకు దిగిండ్రు. తట్టా చెమ్మస్ పట్టుకొని బొగ్గు నింపిన తరం ఇప్పుడు డెబ్బై దాటింది. ఆ తట్టలు మోసినోళ్లలో మనోళ్లు ఎంతమందో ఖనిలో ఎవరినడిగినా చెప్తారు. వాళ్ల ఊపిరితిత్తుల్లో ముందే బొగ్గు దుమ్ము, రాతి దుమ్ము ఉన్నాయి. దుమ్ముతో వచ్చే న్యుమోకోనియోసిస్ 1952 గనుల చట్టం కిందనే నోటిఫై అయిన జబ్బు. దానికి తోడు చుట్ట, బీడీ. అట్లాంటి ఊపిరితిత్తుల మీద నిమ్ము పడితే తట్టుకునే సత్తువ ఎక్కడుంటది? కంపెనీకి ఊపిరి ముందే అమ్ముకున్న మనిషికి మిగిలింది కొంచెమే. ఆ కొంచెం కూడా చెంచాడు జావ దారి తప్పినందుకు పోకూడదని మేం అంటున్నాం.

మత్తు సంగతి కూడా చెప్పాలె. రాత్రిపూట ముసలాయన అరుస్తున్నాడని, మంచం దిగుతున్నాడని నిద్రకు మందిస్తే అందరూ నిద్రపోతారు, ఆయన గొంతు కూడా నిద్రపోతది. ఉమ్మి లోపలికి జారతది. అవసరమైన చోట మత్తుమందు వద్దని మేం అనడం లేదు. అరుపును ఆపడానికి మాత్రం వద్దు. ఎందుకు అరుస్తున్నాడో ముందు అడగాలె. నొప్పా, మూత్రం ఆగిందా, దాహమా? కల్లు సంగతి దాచుకోవద్దు. అల్ప్రాజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు తెలంగాణను ఎంత పీల్చిందో అందరికీ తెలుసు. 2015లో దాడులతో ఆ కల్లు ఒక్కసారిగా ఆగినప్పుడు ఫిట్స్‌తో, మతి చలించి ఎంతోమంది దవాఖానల పాలయ్యారు. పెద్దమనిషికి రోజూ కల్లో సారో అలవాటుంటే చేర్పించిన రోజే డాక్టరుకు చెప్పండి. పరువు పోతదని దాస్తే మూడోనాడు ఫిట్స్ వచ్చి, వాంతి లోపలికి పోయి, ప్రాణం పోతది.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఈ జబ్బును ఆపే పనుల్లో పెద్ద యంత్రాలతో అయ్యేవి తక్కువ. మనిషిని కూర్చోబెట్టడం, మెల్లగా తినిపించడం, నోరు శుభ్రంగా కడగడం, మంచం దించి నాలుగడుగులు నడిపించడం. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్లపాటు ఒక పరీక్ష చేశారు. సగం మందికి ప్రతి భోజనం తర్వాత నర్సులో, చూసుకునేవాళ్లో పళ్లు తోమి నోరు శుభ్రం చేశారు. మిగతా సగం మందిని మామూలుగా వదిలేశారు. వదిలేసినోళ్లలో 100కి 19 మందికి నిమ్ము వచ్చింది. నోరు కడిగినోళ్లలో 11 మందికే వచ్చింది. 1999లో ఈ సంగతి లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది. తర్వాత జరిగిన పరీక్షలన్నీ ఇంత గట్టి ఫలితం చూపలేదు, అదీ చెప్పాలె. కానీ నోరు మురికిగా ఉంచితే మేలని ఏ పరీక్షా చెప్పలేదు. పళ్లు తోమే బ్రష్షుకు ఎంత ఖర్చు? ఒక్కరోజు ఐసీయూ బిల్లుకు ఎన్ని బ్రష్షులొస్తాయి?

మరి ఇంత చౌకైన పని ఎందుకు జరగడం లేదు?

ఎందుకంటే అది నోటి పని. ఎంగిలి పని. మన దేశంలో నోటికి కులముంది. మనకు టీ హోటల్లో వేరే గ్లాసు పెట్టింది నోటి గురించే. మంచినీళ్ల బాయి కాడ దోసిలి పట్టించి పైనుంచి నీళ్లు పోసింది నోటి గురించే. ఇంకొకరి ఉమ్మి తగిలితే మైలపడతామని శాస్త్రాలు రాసుకున్న సమాజం, ఇంకొకరి నోరు కడగడాన్ని వైద్యమని ఎట్లా అనుకుంటది? అందుకే వైద్యంలోనూ ఒక నిచ్చెన తయారైంది. నాడి చూసే చెయ్యి పైమెట్టు. సూది వేసే చెయ్యి దాని కింద. పక్క మార్చే చెయ్యి, ఉచ్చ దొడ్డి ఎత్తే చెయ్యి అన్నింటికంటే కింద. నోరు కడిగే చెయ్యి ఏ మెట్టు మీదా లేదు. ఆపరేషన్‌కు రేటుంది, స్కానింగుకు రేటుంది. ముసలామె నోరు కడిగినందుకు ఏ బిల్లులోనూ వరుస లేదు.

లేదు కాబట్టి ఆ పని మంచం పక్కన కూర్చున్న ఆడమనిషి మీద పడుతది. పెండ్లామో, కోడలో, బిడ్డో. ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆమె రాకపోతే పదో ఇరవయ్యో చేతిలో పెట్టి వార్డు అయమ్మను బతిమాలుకుంటారు. ఆ అయమ్మ ఎవరు? మన వాడ మనిషే. పేషెంట్ కేర్, శానిటేషన్ అని పేర్లు పెట్టి ఏజెన్సీకి అప్పజెప్పిన పనిలో, ఈ నెల జీతం ఎప్పుడొస్తదో తెలియక నిలబడ్డ మనిషి. ఆమె చేతుల మీదనే వార్డు నడుస్తది. ఆమె పేరు మాత్రం కేసు షీటు మీద ఉండదు. పది రూపాయలు తీసుకున్నదని ఆమె మీద పడేవాళ్లు, ఆమెకు పూర్తి జీతం ఇవ్వని కాంట్రాక్టరు మీద ఎందుకు పడరు?

నర్సమ్మల మీద కూడా మాకు కోపం లేదు. భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలె, మిగతా ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒకరు. మీరు రాత్రిపూట ఏ వార్డుకన్నా పోయి మంచాలు లెక్కపెట్టండి, నర్సులను లెక్కపెట్టండి. ఆ లెక్కే మా సంపాదకీయం.

ఈ పని చిన్నదని ఎవరన్నా అంటే వాళ్లకు సావిత్రీబాయి ఫూలేను గుర్తుచేయండి. 1897లో పుణె ప్రాంతంలో ప్లేగు వచ్చినప్పుడు ఆమె కొడుకు యశ్వంత్ నడిపిన వైద్యశాలలో రోగులకు సేవ చేసింది. ప్లేగు తగిలిన మహర్ కుటుంబపు పిల్లవాడిని తన వీపు మీద మోసుకొచ్చింది. ఆ ప్లేగే ఆమెకు అంటుకొని అదే ఏడాది మార్చి 10న చనిపోయింది. రోగి ఒంటిని ముట్టుకోవడం మైల అన్న సమాజానికి ఆమె చేసి చూపిన జవాబది. బడి పెట్టిన సావిత్రీబాయి మనకు తెలుసు. రోగిని మోసిన సావిత్రీబాయిని కూడా తెలుసుకోవాలె.

ఇక దవాఖానలో మనోళ్లు ఉంటే ఏం చేయాలె, ఏం చేయొద్దు? సంఘం కార్యకర్తలు ఈ భాగాన్ని వాడలో చదివి వినిపించాలని కోరుతున్నాం.

పక్షవాతం వచ్చిన మనిషికి మింగుడు పరీక్ష అయ్యేదాకా నోట్లో ఏమీ పోయొద్దు. నీళ్లు వద్దు, టీ వద్దు, గోలీ కూడా వద్దు. "పొద్దటి నుంచి ఏం తినలే, గుక్కెడు టీ పోద్దాం" అన్నది ప్రేమే. ఆ గుక్కెడే ప్రాణం తీస్తది. మింగుడు పరీక్ష పెద్ద మిషన్‌తో చేసేది కాదు. మెలకువగా ఉన్న రోగిని కూర్చోబెట్టి కొద్దికొద్దిగా నీళ్లిచ్చి, దగ్గు వస్తున్నదా, గొంతు మారుతున్నదా అని చూసే పరీక్ష. శిక్షణ ఉన్న నర్సు చేయగలదు. "మా నాయినకు మింగుడు పరీక్ష అయిందా?" అని అడగండి. కాలేదంటే ఎప్పుడు చేస్తారని అడగండి. మింగలేడని తేలితే సెలైనా, పైపా, ఇంకేదన్నానా అన్నది డాక్టరు తేల్చాలె. పరీక్ష లేకుండా రోజుల తరబడి ఎండబెట్టడం కూడా తప్పే.

తినిపించేటప్పుడు మంచం మీద నిటారుగా కూర్చోబెట్టాలె. వెల్లకిలా పడుకోబెట్టి పోయొద్దు. పూర్తిగా మేలుకున్నాకే పెట్టాలె. చిన్న చెంచా, చిన్న ముద్ద. ఒకటి మింగినాక ఇంకొకటి. మూతి ఒకపక్కకు పోతే బలమున్న పక్క పెట్టాలె. తినేటప్పుడు మాట్లాడించొద్దు. చివర్లో బుగ్గలో మెతుకులు మిగిలినాయేమో చూడాలె. తిన్నాక కనీసం అరగంట, వీలైతే గంట అట్లనే కూర్చోనియ్యాలె. మిగతా టైములో కూడా మంచం తల వైపు ఎత్తి ఉంచాలె. ఎత్తే మంచం లేకపోతే తల కిందనే కాదు, వీపు కింద కూడా దిండ్లు, దుప్పట్లు మడిచి పెట్టాలె. ఉత్త తల కింద పెడితే మెడ వంగి ఊపిరి ఇంకా కష్టమైతది.

పళ్లు రోజుకు రెండుసార్లన్నా, వీలైతే తిన్న ప్రతిసారీ మెత్తటి బ్రష్షుతో తోమాలె. పేస్టు కొంచెమే. నాలుక, బుగ్గల లోపల కూడా తుడవాలె. ఉమ్మలేని మనిషి నోట్లో నీళ్లు పోసి పుక్కిలించమనొద్దు. పక్కకు తిప్పి తడి గుడ్డతో తుడిచెయ్యాలె. పడుకున్న రోగి నోట్లో బొగ్గుపొడి, పళ్లపొడి వెయ్యొద్దు. కట్టుడు పళ్లుంటే రాత్రి తీసి కడిగి పెట్టాలె. మందు నీళ్లు పుక్కిలించినంత మాత్రాన పని కాదు, తోమడమే ముఖ్యం. ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోవాలె.

ముక్కులో పైపు ఉన్నది కదా, ఇంక భయం లేదనుకోవద్దు. పైపు ఉన్నా ఉమ్మి లోపలికి జారతది, పోసింది కడుపులోంచి పైకి తన్ని వస్తది. పైపు ఉన్నోళ్ల నోరు కూడా కడగాలె. పైపులో పోసేటప్పుడు తల వైపు ఎత్తే ఉండాలె. పోసేముందు పైపు సరైన చోట ఉన్నదా అని నర్సు చూడాలె. గోలీలు మింగలేకపోతే మీకు మీరే పొడి చేయకండి. కొన్ని గోలీలు పొడి చేస్తే పనిచెయ్యవు, కొన్ని నష్టం చేస్తాయి. అడిగి చేయండి.

తినేటప్పుడు దగ్గు, గొంతులో గురగుర, తడిసినట్టు మాట, నోట్లోంచి కారడం కనపడితే అక్కడికక్కడే తిండి ఆపండి. కూర్చోబెట్టి ముందుకు వంచండి, దగ్గనివ్వండి. "నీళ్లు తాగితే దిగుతది" అని మళ్లీ పోయొద్దు. నర్సును పిలవండి. ముసలోళ్లకు నిమ్ము వస్తే జ్వరం రావాలని లేదు. ఊపిరి తొందర తొందరగా తీసుకోవడం, నిన్న మాట్లాడిన మనిషి ఇయ్యాల మగతగా ఉండటం, ఉన్నట్టుండి తికమక మాటలు, ఇవి కూడా గుర్తులే.

ఇంకో మాట చెప్పాలె, నొచ్చుకోవద్దు. పోయే ప్రాణమని తెలిసినప్పుడు చుట్టపక్కాలంతా వచ్చి తలా ఒక చెంచా నీళ్లో పాలో గొంతులో పోస్తారు. దాహంతో పోవద్దన్నది మనవాళ్ల మనసు. తరతరాలు నీళ్లకు గోసపడ్డ జాతికి ఆ బాధ ఎట్లాంటిదో మాకు తెలుసు. కానీ మగతలో ఉన్న మనిషికి ఆ నీళ్లు దాహం తీర్చవు, ఊపిరి ఆపుతాయి. తడి గుడ్డతో పెదవులు, నాలుక తడపండి. అదీ ప్రేమే, అందులో నొప్పి లేదు. బతికే ఆశ ఉన్న మనిషి దగ్గరైతే ఈ చెంచాల వరస అసలే వద్దు.

ఇదంతా చదివి దవాఖాన పెద్దలు ఒక తెలివైన మాట అనొచ్చు: "మంచిదే, కుటుంబసభ్యులకు నేర్పుదాం, వాళ్లే చేసుకుంటారు." అక్కడే మేం ఆగుతాం. మనం నేర్చుకోవాల్సిందే. కానీ దవాఖాన బాధ్యత మన మీదికి దించడం ఒప్పుకోం. భారతదేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పక్షవాతం రోగులతో ఒక పెద్ద పరీక్ష జరిగింది, 2017లో లాన్సెట్‌లో అచ్చయింది. రోగిని మళ్లీ లేపి నడిపించే పనిని కుటుంబానికి నేర్పి ఇంటికి పంపితే ఏమైతదని చూశారు. మామూలుగా పంపినోళ్లకూ వీళ్లకూ ఫలితంలో తేడా రాలేదు. అది నిమ్ము గురించి చేసిన పరీక్ష కాదు. కానీ నైపుణ్యం కావాల్సిన పనిని ఇంటోళ్ల నెత్తిన పెడితే సరిపోదని అది చెప్తున్నది. అదే ఆస్ట్రేలియాలో 19 పక్షవాతం వార్డుల్లో నర్సులకే పద్ధతి నేర్పారు. జ్వరం, షుగరు, మింగుడు మూడింటినీ మొదటి మూడు రోజులు గట్టిగా చూసుకోమన్నారు. 90 రోజుల తర్వాత చూస్తే, చనిపోయినోళ్లు, ఇంకొకరి మీద ఆధారపడి మిగిలినోళ్లు కలిపి ఆ పద్ధతి లేని వార్డుల్లో 100కి 58 మంది, ఉన్న వార్డుల్లో 42 మంది. ఇది 2011 నాటి సంగతి. ఇది మింగుడు పరీక్ష ఒక్కదానితో వచ్చిన ఫలితం కాదు. నేర్చుకున్న చేతులు, సరిపోను చేతులు, రాసిపెట్టిన డ్యూటీ, మూడూ ఉంటే వచ్చే ఫలితం.

ఈ చేతులు అడగడం బిచ్చం కాదు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడు. 1943 డిసెంబరులో ధన్‌బాద్ దిక్కు బొగ్గు గనులకు పోయి, భూమిలోకి దిగి పని చూశారు, కార్మికుల ఇళ్లు చూశారు. 1944 జనవరి 31న బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్సు వచ్చింది. గని నుంచి పోయే బొగ్గు మీద సెస్సు వేసి ఆ డబ్బుతో ఇళ్లు, నీళ్లు, వైద్యం చూడాలని దాని సారాంశం. అది బ్రిటిష్ ఇండియా గనుల కోసం తెచ్చింది, అప్పుడు సింగరేణి నిజాం రాజ్యంలో ఉంది. కానీ అందులోని సూత్రం మనది. బొగ్గు తీసినోడి వైద్యం బొగ్గులోంచే రావాలె. యజమాని దయలోంచి కాదు.

ఇయ్యాల సింగరేణిలో 51 వంతులు రాష్ట్ర ప్రభుత్వానివి, 49 వంతులు కేంద్రానివి. కంపెనీకి సొంత దవాఖానలున్నాయి. 2022లో రామగుండంలో సర్కారు వైద్య కళాశాల మొదలైంది. పర్మనెంటు కార్మికుడు రిటైరైతే వైద్యానికి చందా కట్టి కార్డు తీసుకుంటాడు. మరి అదే బాయిలో, అదే ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు కింద ముప్పై ఏండ్లు చేసి ముసలోడైనోడి సంగతేంది? ఓపెన్‌కాస్టు కింద ఊరు పోయిన మాదిగ ముసలామె సంగతేంది? బొగ్గు దుమ్ము పర్మనెంటు ఊపిరిని, కాంట్రాక్టు ఊపిరిని వేరుగా చూస్తదా? దుమ్ముకు లేని తేడా దవాఖాన గేటుకు ఎందుకు?

అందుకే మేం కింది డిమాండ్లు పెడుతున్నాం. సర్కారుదైనా, కంపెనీదైనా, ప్రైవేటుదైనా ఈ బెల్టులోని ప్రతి దవాఖానకు ఇవి వర్తిస్తాయి.

1. పక్షవాతంతో వచ్చిన ప్రతి రోగికి నోట్లో ఏదన్నా పెట్టకముందే మింగుడు పరీక్ష చేయాలె. ఫలితం కేసు షీటులో రాయాలె.

2. నోరు కడగడం, కూర్చోబెట్టడం, పక్క మార్చడం వైద్యంలో భాగమని ఒప్పుకొని డ్యూటీ చార్టులో ఎక్కించాలె. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో రాయాలె.

3. పెద్దవాళ్ల వార్డుల్లో తల వైపు లేచే మంచాలు, కఫం లాగే మిషన్లు పనిచేసే స్థితిలో ఉండాలె. ప్రతి రోగికి బ్రష్షు, పేస్టు, గుడ్డ దవాఖానే ఇవ్వాలె.

4. నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం నర్సులను నింపాలె. మింగుడు, మాట చూసే థెరపిస్టును, ఫిజియోథెరపిస్టును పెద్ద దవాఖానల్లో నియమించాలె.

5. వార్డు అయమ్మలకు, పేషెంట్ కేర్ కార్మికులకు ఈ పనిలో శిక్షణ ఇచ్చి, సర్టిఫికెట్ ఇచ్చి, ఏజెన్సీ తీసేసి పర్మనెంటు చేయాలె. గ్లౌజులు, సబ్బు, టీకాలు వాళ్ల హక్కు.

6. ముసలోళ్లకు మత్తుమందు ఎందుకిస్తున్నారో ఇంటోళ్లకు తెలుగులో చెప్పాలె.

7. కాంట్రాక్టు కార్మికులకు, రిటైరైన కాంట్రాక్టు కార్మికులకు, నిర్వాసితులకు కంపెనీ దవాఖానల్లో సమానంగా వైద్యం అందాలె.

కార్యకర్తలకు మా విన్నపం. యూనియన్ మీటింగుల్లో బోనస్, లాభాల వాటా, వారసత్వ ఉద్యోగాల మాట వస్తది, రావాల్సిందే. ఆ పక్కనే వార్డు మాట కూడా రావాలె. ప్రతి వాడలో ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు యువకులు పైన రాసిన పద్ధతి నేర్చుకోండి. మనోళ్లు దవాఖానలో చేరితే వంతులేసుకొని పొండి. పోయినోళ్లు మంచం పక్కన ఒక కాగితం పెట్టి ఎప్పుడు కూర్చోబెట్టారో, ఎప్పుడు నోరు కడిగారో, ఏం తిన్నారో రాయండి. కోపంతో నర్సమ్మ మీద, అయమ్మ మీద అరవకండి. వాళ్లు మన వైపు మనుషులు. ఆ కాగితాలు పది పోగైనాక సూపరింటెండెంట్ టేబుల్ మీద పెట్టండి. కాగితం అరుపుకంటే గట్టిగా మాట్లాడుతది.

ఒకప్పుడు మన నోటిని అంటరానిదన్నారు. చదువు మన నోట్లో పడొద్దన్నారు. ఊరుమ్మడి నీళ్లు మన నోటికి అందొద్దన్నారు. పోరాడి గ్లాసు తెచ్చుకున్నాం, బడి తెచ్చుకున్నాం. ఇప్పుడు మన ముసలోళ్ల నోటికి ఒక శుభ్రమైన బ్రష్షు, ఒక ఓపికైన చెంచా, పక్కన ఒక నేర్చుకున్న చెయ్యి అడుగుతున్నాం. ఆ చేతికి జీతం, గౌరవం, పర్మనెంటు ఉద్యోగం అడుగుతున్నాం. దుమ్ము మింగి దేశానికి బొగ్గు తీసిచ్చినోళ్లు చివరి రోజుల్లో తమ ఉమ్మితో తామే ఊపిరాడక పోవడం విధి కాదు. అది ఆపగలిగిన చావు. ఆపగలిగిన చావును ఆపకపోతే దాన్ని వయసని పిలవొద్దు.

జై భీమ్!